నిండుకునింది

ఆ ఆదివారం పొద్దున నేను చెప్పిన మాటల్లో ఒక్కటే తిప్పేష్‌కు చేరింది. అదీ చేరకుండా ఉంటే బాగుండేది. ఏమీ వినపడకపోతే చీమలకొట్టాల ఎందుకు పలకలేదని వాడికి అనుమానం వచ్చేది. ఎండిన వంకలోంచి పైకి లేచి వచ్చేవాడు.

మొదటి నుంచి చెప్తాను.

మా చీమలకొట్టాల విడపనకల్లు దాటి కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న చిన్న ఊరు. పొద్దున ఏడు గంటలకు మిద్దె మీద నిలబడి గట్టిగా మాట్లాడే మనిషిని ఊళ్ళో నేనొక్కణ్ణే. మిద్దె మీద గోడల్లేని రేకుల కొట్టం, అందులో ఒక పాత బల్ల, దాని మీద రేడియో పెట్టె, బల్ల కింద బ్యాటరీ. తల మీదుగా రెండు వెదురు గడల మధ్య ఇరవై మీటర్ల రాగి తీగ. డిగ్రీలో ఫిజిక్సు చదివి, ఉద్యోగం రాక, ఆరెకరాల్లో వేరుశనగ వేసుకుని బతికేవాడికి ఈ పిచ్చేమిటని మొదట్లో నవ్వారు. తర్వాత నేను మాట్లాడే సమయాన్ని బట్టి పిల్లల్ని బడికి లేపడం మొదలుపెట్టారు.

మా రేడియో క్లబ్బు పెట్టింది మాబాషా. విడపనకల్లులో ముప్పై ఏళ్లుగా రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసి, అవి పోయాక సెల్‌ఫోన్ల అంగడి నడుపుతున్నాడు. పరీక్ష రాసి సర్కారు లైసెన్సు తెచ్చుకున్నవాళ్లం పదకొండు మంది. సొంతంగా అతికించుకున్న పెట్టెలతో, టవరు లేకుండా, ఎవరి దయా లేకుండా, ఆకాశం మీదుగా ఒకరితో ఒకరం మాట్లాడుకుంటాం. సెల్‌ఫోనుండగా ఇదెందుకని అడిగినవాళ్లకు మాబాషా ఒకటే మాట చెప్పేవాడు. టవరు పలకని దినం రాండి, అప్పుడు చెప్తా అని.

వాన కొలవాలన్న ఆలోచన కృపాకుమారి టీచరుది. హైస్కూల్లో సైన్సు చెప్తుంది, క్లబ్బుకు కార్యదర్శి. మండలానికంతా సర్కారు వానకొలత ఒక్కటే. మా పక్క వాన ఈ చేన్లో పడి గట్టు అవతల పడదు. అందుకని ఆమె పదకొండు మందికీ తలా ఒక ప్లాస్టిక్ గొట్టం, పైన గరాటు, పక్కన గీతలు గీసి ఇచ్చింది. రోజూ ఏడు గంటలకు ఒకరి తర్వాత ఒకరం రేడియోలో మా ఊరి వాన చెప్పాలి. పైన పడ్డ వాన కింద ఊళ్ళవాళ్లకు ముందే తెలియాలని, ముఖ్యంగా వంకల పక్కన ఉన్నవాళ్లకు తెలియాలని ఆమె పట్టుదల. దానికొక పెద్ద పుస్తకం పెట్టి రాసేది.

జూలైలో విత్తనం పడింది. ఆగస్టు వచ్చేసరికి వాన మొహం చాటేసింది. నేను రోజూ మిద్దె మీద నిలబడి, “చీమలకొట్టాల, కొండప్ప. వాన సున్నా” అని చెప్పేవాణ్ణి. గాలిలో గరగర ఎక్కువైన రోజు అవతలివాళ్లకు వినపడక, “సున్నా, సున్నా” అని రెండు మూడుసార్లు అరిచేవాణ్ణి. కింద బోరు దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్లందరూ తలెత్తి చూసేవాళ్లు.

ఇరవయ్యో రోజో ఏమో, ఎర్రన్న ఇంటికొచ్చాడు. ఎర్రన్న చేను మా చేను పక్కనే. ఊళ్ళో ట్రాక్టరున్న ఇద్దరిలో ఒకడు. వెనక నలుగురు ఉన్నారు గానీ మాట అతనిదే.

“ఏమప్పా కొండప్పా. దినామూ పొద్దు పుట్టంగానే ఆకాశానికి మొగం పెట్టి సున్నా సున్నా అంటాండావు. శెనక్కాయ ఊడలు దిగే టయము. నువ్వట్ల అంటా ఉంటే ఎట్లప్పా?”

అది కొలత అని, ఉన్నది చెప్పడమే గానీ నేను ఆపిందేమీ లేదని, నేను అన్నా అనకపోయినా మబ్బుకు వినపడదని చెప్పాను. ఎర్రన్న ఓపిగ్గా విన్నాడు.

“నువ్వు ఆపినావని నేనన్లేదు. సదువుకున్నోనివి, నీకు తెలీదా అది. ఒకటి అడుగుతా చెప్పు. ఇంట్లో బియ్యం అయిపోతే మీ యమ్మ ఏమంటాది? లేవంటాదా?”

నేను నోరు తెరిచేలోపలే వంటింట్లోంచి మా అమ్మ నల్లమ్మ పలికింది. “లేవని యా ఆడదన్నా అంటాదా? నిండుకున్నాయంటాం.”

“ఇన్నావా,” అన్నాడు ఎర్రన్న. “గంపెడు బియ్యానికే అంత మర్యాద ఇస్తాము. ఊరి వానకు ఇయ్యొద్దా?”

దానికి నా దగ్గర ఫిజిక్సు లేదు. మా ఇంట్లో ఉప్పు అయిపోయినా, పసుపు అయిపోయినా, ఆఖరికి గ్యాసు అయిపోయినా అమ్మ అదే మాటంటుంది. నేనూ చిన్నప్పటి నుంచీ అదే అంటాను. ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ కూడా అంది. ఒక మాట మారిస్తే నీ మిషన్‌కేమన్నా అరుగుతాదా, వాళ్ల కడుపు మండి అడుగుతాండారు అని.

మర్నాడు ఏడు గంటలకు నా వంతు వచ్చినప్పుడు, “చీమలకొట్టాల, కొండప్ప. నిండుకునింది” అన్నాను.

రేడియోలో ఎవరో మళ్లీ చెప్పమన్నారు. తర్వాత నవ్వులు. జరిగింది చెప్పాను. కృపాకుమారికి నచ్చలేదు. “కొలతను మాటతో చెప్పకూడదన్నా, అంకెతో చెప్పల్ల” అంది. తిప్పేష్ కల్పించుకుని, “పోనీ టీచరమ్మా, ఆ ఊర్లో ఆయన కాపరం చేయొద్దా” అన్నాడు. చివరికి ఆమె ఒప్పుకుంది. చీమలకొట్టాల నుంచి నిండుకునింది అని వస్తే సున్నా అని రాసుకోవాలి, చినుకు పడిన రోజు అంకె చెప్పాలి. పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో అలాగే రాసిపెట్టింది.

తిప్పేష్ గురించి చెప్పాలి. ముప్పై ఏళ్లుంటాయి. బోరు మోటార్లు కాలిపోతే చుట్టే పని చేసేవాడు. తండ్రి లేడు, తల్లి భద్రమ్మ కూలికి పోతుంది. మా మిద్దె మీద గడలు పాతి తీగ కట్టింది వాడే. గడ చివరికి ఉడతలాగా పాకేవాడు. మా పెట్టెకు వైర్లు బిగించిన రోజు, బ్యాటరీలో నెలకొకసారి నీళ్లు పొయ్యన్నా, లేకుంటే చచ్చిపోతాది అని చెప్పిపోయాడు. మాలో టక్కు టిక్కు మోర్సు భాష బాగా వచ్చినవాడు కూడా వాడే. నాది చిన్న లైసెన్సు, దానికి మోర్సు అక్కర్లేదు. నేర్చుకోమని వాడెన్ని సార్లు పోరినా, చేను పనులయ్యాక చూద్దాం అనేవాణ్ణి.

అట్లా నెలన్నర నడిచింది. ఒక్క రోజు రెండు మిల్లీమీటర్ల చినుకు. మిగతా రోజులన్నీ నిండుకునింది. బోరు కాడ ఆడవాళ్లు ఆ మాట విని బిందెలు ఎత్తుకునేవాళ్లు.

సెప్టెంబరు ఆఖరి శని, ఆదివారాలు క్లబ్బు బయలు శిబిరం పెట్టింది. ఏటా చేస్తాం. ఏదైనా ముప్పు వచ్చి కరెంటు, ఫోన్లు పోతే ఎట్లా మాట్లాడాలో అభ్యాసం. ఒక రాత్రీ ఒక పగలూ ఇల్లు వదిలి బయట డేరా వేసుకుని, సోలారు పలక, బ్యాటరీలతో వీలైనంత మందిని పలకరించడం. ఎంత దూరం, ఎంత మంది అనేది పోటీ. దీనికి ఎర్త్, అంటే నేలలోకి దించే రాడ్డు, బాగుండాలి. నేలలో తడి ఉంటేనే తీగ బాగా పలుకుతుంది. మా సీమలో సెప్టెంబరులో తడి నేల యాడ దొరుకుతుంది? మాబాషా, తిప్పేష్ వారం రోజులు తిరిగారు. ఎక్కడ రాడ్డు దించినా పిండిలాంటి దుమ్ము. చివరికి గుండ్లవంకలో ఇసక మోచేతి లోతు తోడితే చెమ్మ తగిలింది. ఆ వంక పారి ఆరేళ్లయింది. మా ఊరి పక్కనే పుట్టి, పన్నెండు కిలోమీటర్లు పోయాక అక్కడ వెడల్పవుతుంది. మధ్యలో డేరా వేసుకోవచ్చు, రెండు గట్ల మీది చెట్లకు తీగ కట్టుకోవచ్చు. మంచి చోటు దొరికిందని అందరం సంతోషపడ్డాం. నేను కూడా.

నేను పోలేదు. ఆవు ఈనేటట్టుంది. వంకలో ఉన్నది ముగ్గురు: మాబాషా, కృపాకుమారి, తిప్పేష్. శనివారం సాయంత్రం వాళ్ల గొంతులు నా పెట్టెలో ముందెప్పుడూ లేనంత స్పష్టంగా వచ్చాయి. తడి ఇసక మహిమ అని తిప్పేష్ మురిసిపోయాడు.

ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకు మా ఊరి మీద ఆకాశం తెగిపడింది.

అది వాన అని చెప్పడానికి లేదు. రేకుల మీద మోత తప్ప ఏమీ వినపడలేదు. కరెంటు అప్పుడే పోయింది. వీధిలో జనం, ముసలివాళ్లతో సహా, తడుస్తూ నిలబడ్డారు. ఎర్రన్న టార్చిలైటు పట్టుకుని వచ్చి మా వాకిట్లో నవ్వుతూ నిలబడ్డాడు. ఆరున్నరకు కొంచెం తెరిపిచ్చింది. తెల్లారే వెలుగులో చూస్తే గుండ్లవంక గట్టు దాకా ఎర్రగా పారుతోంది. ముళ్ల కంపలు, ఎవరిదో దొడ్డి తడిక, ఒక నీళ్ల డ్రమ్ము కొట్టుకుపోతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది వాళ్లు ముగ్గురూ కిందున్నారని.

ఫోను తీశాను. టవరుకు కరెంటు లేదు, సిగ్నలు ఒక్క గీత కూడా లేదు. మా వంక నడక నాకు తెలుసు. మొదటి నీళ్లు ఎండిన ఇసక తాగేసినా, ఈ పారుదల ఆ చోటికి చేరడానికి రెండు గంటలు పడుతుంది. అంటే ఎనిమిదిన్నరకు. ఏడు గంటలకు రేడియోలో ఎట్లాగూ మాట్లాడతాం కదా అని గుండె కొంచెం కుదుటపడింది. మిద్దెక్కి గొట్టం చూశాను. దానికి గీతలు నూట ఇరవై మిల్లీమీటర్ల వరకే. అది నిండి పొర్లింది. దాని మీద చెప్పడానికి అంకె లేదు.

పెట్టె పెట్టాను. ఏడు గంటలకు తిప్పేష్ గొంతు గంట కొట్టినట్టు వచ్చింది. ఆ పొద్దు పుస్తకం వాడి చేతిలో ఉంది. నా వంతు రెండోది. బటన్ నొక్కి, “చీమలకొట్టాల, కొండప్ప. గొట్టం నిండుకునింది, వంక” అన్నాను. అంతలో పెట్టె లైటు ఆరిపోయింది.

బటన్ వదిలితే మళ్లీ వెలిగింది.

నీళ్లు పొయ్యని బ్యాటరీ. వినడానికి కొంచెం కరెంటు చాలు, మాట్లాడటానికి చాలా కావాలి. కరెంటున్నన్నాళ్లూ చార్జరు దాన్ని మోసింది గానీ, ఇప్పుడు దాని బలం మూడు నాలుగు సెకన్లు. వాళ్లకు అందింది నా పేరు, ఆ ఒక్క మాట.

“కొండప్పన్నా, ఫైవ్ నైన్,” అన్నాడు తిప్పేష్. మా లెక్కలో ఫైవ్ నైన్ అంటే నీ మాట బ్రహ్మాండంగా వినపడుతోందని. సగం వినపడకపోయినా మర్యాదకు అందరికీ అదే ఇస్తాం. “నిండుకునింది. సున్నా రాసుకుంటిని. రాసి రాసి నా పెన్ను కూడా నిండుకునిందన్నా. ఒక దినమన్నా యేరే మాట చెప్పు.”

పక్కన కృపాకుమారి నవ్వు వినపడింది.

బటన్ నొక్కాను. లైటు పోయింది. వదిలాను. నొక్కాను. ఈసారి రెండు సెకన్లు కూడా నిలవలేదు. వాళ్లకు నా గొంతు కాదు, టక్కుమనే చప్పుళ్లు పోతున్నాయి. ఆ పొద్దు నాకు మోర్సు వచ్చి ఉంటే ఆ చప్పుళ్లతోనే చెప్పేవాణ్ణి. నేను ఊరికే నొక్కాను. పిచ్చివాడిలాగా నొక్కాను.

“ఎవరో తడతాండారు,” అంది కృపాకుమారి.

“యాడో ఉరుముతాండాదేమో టీచరమ్మా. మనకాడ చూడు, ఆకాశం కడిగిన పళ్లెం మాదిరుండాది.”

మిగతా ఊళ్ళన్నిటినీ పిలిచారు. అందరూ సున్నానే. మా వానకు పక్క ఊరు కూడా తడవలేదు. నేను మధ్యలో దూరుదామని నొక్కుతూనే ఉన్నాను. ఏడుం పావుకు తిప్పేష్ ముగించాడు. పగలు దూరదేశాలు పలుకుతాయి కాబట్టి పై బ్యాండుకు పోతున్నామని, సాయంత్రం మళ్లీ ఇక్కడికే వస్తామని చెప్పాడు. నా పెట్టె పలికేది ఈ ఒక్క బ్యాండులోనే. గరగర తప్ప ఏమీ మిగల్లేదు.

బండి తీసుకుని ఊరి బయట వంక దాటే చప్టా దాకా పోయాను. చప్టా ఎక్కడుందో కూడా కనపడలేదు. దాని మీద నడుం లోతు నీళ్లు. ఇంకో దారి నల్లరేగడి మీదుగా కర్ణాటక పల్లెలు చుట్టి పోవాలి. అందులో బండి వంద గజాలు పోయి చక్రాలకు బురద పట్టి నిలబడిపోయింది. దాన్ని అక్కడే పడేసి, చెప్పులు చేత పట్టుకుని వెనక్కి ఉరికాను.

ఎర్రన్న ఇంట్లో బజ్జీలు వేస్తున్నారు. వాన పడింది కదా. ట్రాక్టరు బ్యాటరీ కావాలన్నాను. ఎందుకని అడగలేదు, నా మొహం చూసి స్పానరు అందుకున్నాడు. నట్లు తుప్పు పట్టి ఉన్నాయి. ఒకటి వచ్చింది, ఒకటి రాలేదు. ఎర్రన్న తీగనే కోసేశాడు. ఇద్దరం ఆ బరువు మోసుకుంటూ మా మిద్దె మెట్లెక్కేటప్పటికి ఎనిమిది దాటింది. ఆ బురదలో అతను రెండుసార్లు మోకాళ్ల మీద పడ్డాడు, బ్యాటరీ వదల్లేదు.

ఇప్పుడు పెట్టె నిండుగా వెలిగింది. బటన్ నొక్కితే నిలిచింది. తిప్పేష్‌ను పిలిచాను, టీచరును పిలిచాను, మాబాషాను పిలిచాను. ఖాళీ బ్యాండు. వాళ్లు వేరే గదిలో ఉన్నారు, నేను ఈ గదిలో అరుస్తున్నాను. మూడోసారికి కన్నడంలో ఒక గొంతు పలికింది. బళ్ళారిలో విరూపాక్షప్ప అని, రిటైరైన రైల్వే ఆయన. సగం కన్నడం సగం తెలుగులో చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నంబర్లు చెప్పమన్నాడు.

నా ఫోన్లో చూసి కృపాకుమారి నంబరు చెప్పాను. ఆయన తన ఫోను నుంచి చేశాడు. మోగుతోందట, ఎత్తడం లేదట. మళ్లీ చేశాడు. కట్ చేసిందట. తెలియని కర్ణాటక నంబరు. రోజుకు నాలుగుసార్లు లోను కావాలా అని అలాంటి నంబర్ల నుంచే వస్తాయి. నేనైనా కట్ చేసేవాణ్ణే. తిప్పేష్ ఫోను స్విచ్చాఫ్. మాబాషాది మూడోసారికి ఎత్తాడు. ఆయన వంకలో లేడు. ఇడ్లీలు తేవడానికని విడపనకల్లు వచ్చి హోటల్లో నిలబడి ఉన్నాడు.

“తిరుగుకొన్నారంతె,” అన్నాడు విరూపాక్షప్ప. “గాడీ తిప్పినారు. పోతాండారు. టీచరుకు ఆయన కూడా ఫోను చేస్తాండారంట.”

టైము ఎనిమిదీ ఇరవై. ఆ హోటలు నుంచి వంకకు ఆరు కిలోమీటర్లు.

నేను, ఎర్రన్న, మెట్ల మీద మా అమ్మ. పెట్టెలో విరూపాక్షప్ప అప్పుడప్పుడు, ఇన్నూ ఏనూ ఇల్ల, ఇంకా ఏమీ లేదు అని చెప్తున్నాడు. ఎర్రన్న బురద చేతులు అట్లాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వంక హోరు కింద నుంచి వినపడుతూనే ఉంది. ఆ నీళ్లు నన్ను దాటి వాళ్ల మీదికి పోతున్నాయి. నేను మిద్దె మీద కూర్చుని ఉన్నాను.

ఎనిమిదీ ముప్పావుకు ఆయన, “కొండప్ప అవరే,” అని పిలిచి ఆగిపోయాడు.

ఎట్లా జరిగిందో తర్వాత కృపాకుమారి చెప్పింది. ఆమె ఫోనుతో గట్టు మీదికి వచ్చింది, డేరాలో సిగ్నలు సరిగా లేదని. కొత్త నంబరును ఒకసారి ఎత్తక, ఒకసారి కట్ చేశాక, మాబాషా ఫోను చివరికి కలిసింది. ఆయన మాట పూర్తి కాకముందే పై నుంచి చప్పుడు వినపడింది, లారీలు వస్తున్నట్టు. ఆమె గట్టు దిగుతూ కేకలు పెట్టింది. తిప్పేష్ డేరా ముందే కూర్చుని ఉన్నాడు, చెవులకు హెడ్‌ఫోన్లు. ఎవరో దూరదేశపు మనిషి దొరికాడు. ఆమె చేతులు ఊపడం చూశాడు. చూసి, ఒక్క నిమిషం అన్నట్టు ఎడమ చెయ్యి పైకెత్తాడు. కుడి చేత్తో రాసుకుంటున్నాడు.

మూడో రోజు నాలుగు కిలోమీటర్ల కింద తుమ్మ పొదల్లో దొరికాడు.

పోలీసులు ఆకస్మిక వరద అని రాసుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. మాబాషా వారం అంగడి తియ్యలేదు. కృపాకుమారితో ఒకసారి, టీచరమ్మా, ఆ మాట నాదే అన్నాను. ఒప్పుకున్నది మేము గదన్నా అంది. ఊళ్ళో చెరువు నిండింది. వేరుశనగకు ప్రాణం వచ్చింది, ఆ సారి మా చేన్లో కూడా కాయ బాగా పట్టింది. దారిలో ఎదురైతే ఎర్రన్న నన్ను చూసి నిలబడతాడు, నేనూ నిలబడతాను, ఇద్దరం ఏదో ఎరువు గురించి మాట్లాడుకుని పోతాం. అతన్ని ఏమనాలి? బియ్యానికిచ్చే మర్యాద వానకిమ్మన్నాడు. అంతే కదా.

పదకొండో దినం అయిపోయిన తర్వాత, ఒక మధ్యాహ్నం బస్సుకు భద్రమ్మ మా ఊరికి వచ్చింది. నేను ఆమెను శవం దగ్గర చూడడమే, అంతకు ముందు మాట్లాడింది లేదు. చిన్న మనిషి, ఎండకు నల్లబడిన చేతులు. అమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, పెట్టె చూడాలంది. మెల్లగా మెట్లెక్కింది. కొట్టంలో నిలబడి దాన్ని చాలాసేపు చూసింది.

“మావాడు కట్టిన తీగ యాది?”

చూపించాను. తల పైకెత్తి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

“దీంట్లో వాని గొంతు ఉంటాదంట గదప్పా. ఫోన్లో మాటలు నిలబడతాయే, ఆ మాదిరి. ఒక్కసారి వినిపియ్యి.”

ఇందులో ఏదీ నిలబడదని చెప్పాను. మాట్లాడినప్పుడు వినపడ్డదే, అది అప్పుడే పోతుందని చెప్పాను. ఆమె నమ్మలేదు. నేను జాలిపడి దాస్తున్నాననుకుంది.

“ఏడుస్తాననుకోవాకు. వింటా, అంతే.”

పెట్టె వెలిగించాను. గరగర. ఆమె ఒంగి చెవి పెట్టింది. కాసేపటికి తనే లేచింది.

“అయితే నువ్వు ఇన్నది చెప్పు. ఆ పొద్దు ఏమన్నాడు?”

అన్నీ చెప్పాను. పెన్ను నిండుకునిందన్న మాట చెప్పినప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వే. “అట్లనే అంటాడు వాడు,” అంది. అంతటితో ఆపేయొచ్చు. ఆపలేకపోయాను.

“అమ్మా, ఆ మాట ముందన్నది నేను. గొట్టం నిండుకునింది అన్నా. వాడు వాన లేదనుకున్నాడు.”

“లేకుంటేనే గదప్పా అట్లనేది.”

“ఆ పొద్దు ఉండాదమ్మా. నిజంగానే నిండి పొర్లుతాండాది.”

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు. అర్థం కానిది అడిగే మనిషి చూపు.

“మల్ల నిండుకునింది అని ఎందుకంటివి నాయనా?”

ఎర్రన్న గురించి చెప్పొచ్చు. బ్యాటరీ గురించి, టవరు గురించి, నూట ఇరవైతో ఆగిపోయిన గీతల గురించి చెప్పొచ్చు. అన్నీ నిజాలే. చెప్పకుండా, గరగరమంటున్న పెట్టె ఆపేశాను. ఆమె కాసేపు ఎదురుచూసింది. తర్వాత మెట్ల వైపు తిరిగి, బస్సు ఎన్ని గంటలకని అడిగింది.

మూడున్నరకని చెప్పి రోడ్డు దాకా తోడు పోయాను. ఆ రోజు బస్సు నాలుగైనా రాలేదు. ఇద్దరం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆమె మళ్లీ అడగలేదు.